ఏడో అంతస్తులో తడి ముద్ర

పోయిన వారం లప్పమ్మను ఏడో అంతస్తు కేబుల్ గదిలో, గోడ ముందు, చూపుడు వేలికి ఎర్ర లప్పం అంటించుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చేశాం. వారం రోజుల పాటు అలా కదలకుండా నిలబెట్టినందుకు ఆవిడ మనల్ని ఎంత తిట్టుకుందో ఏమో. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. గోడల్లో కన్నాలు పూడ్చే పనిలో చేరిన మొదటి వారంలోనే తోటివాళ్ళు ఈ పేరు తగిలించారు. అది లప్పంలాగే అంటుకుపోయింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. రెండేళ్ళ కిందట ఈ తొమ్మిదంతస్తుల మేడలో మంటలు రేగాయి. మంట రెండో అంతస్తు దాటలేదు. పొగ మాత్రం కేబుళ్ళు పోవడానికి కొట్టిన కన్నాల వెంట పైపైకి పాకి, ఎనిమిదో అంతస్తులో ముగ్గుర్ని పొట్టన పెట్టుకుంది. ఆ ముగ్గురిలో ఒకడు, మేడ కట్టినప్పుడు ఆ కన్నాలన్నీ పూడ్చిన మనిషే. లప్పమ్మ మొగుడు.

కన్నం పూడ్చడమంటే పైపైన ఇంత పూసెయ్యడం కాదు. రాయిని కరిగించి తీసిన ఉన్నిని కేబుళ్ళ చుట్టూ నాలుగు వేళ్ళ లోతున కూరాలి. దాని మీద మంటకు మాడని ఎర్ర లప్పం పట్టించాలి. అది తడిగా ఉండగానే, పూడ్చినవాడు ఒక మూల తన కుడి బొటనవేలు నొక్కాలి. ఇది వాళ్ళ ముఠా మేస్త్రి పెట్టిన పద్ధతి. ఎవరి వేలుంటే పూచీ వాళ్ళది. లప్పమ్మ మొగుడి వేలిని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. ఎప్పుడో డబ్బా మూత కోసుకుని, వేలి మధ్యలో నెలవంక లాంటి మచ్చ పడిపోయింది. విచారణకు వచ్చినవాళ్ళు ఎనిమిదో అంతస్తులో పొగకు దారిచ్చిన కన్నాన్ని తవ్వితే, లోపల ఉన్ని లేదు. అట్టముక్కలు, గుడ్డపీలికలు ఉన్నాయి. పైన మాత్రం నెలవంక ముద్ర నిక్షేపంలా ఉంది. ఇంకేం కావాలి? తప్పంతా చచ్చినవాడి నెత్తిన పెట్టి అందరూ చేతులు దులుపుకున్నారు. ఏడేళ్ళ కూతురు చిట్టిని బడిలో పిల్లలు ‘పొగోడి కూతురు’ అంటుంటే లప్పమ్మ బడి మార్పించింది. మూడో నెలకల్లా ఆ పేరు కొత్త బడికీ వచ్చి చేరింది.

అయిదో అంతస్తు నుంచి పైకి అప్పుడు వేసిన తాళాలు, ఎనిమిదో అంతస్తుకు తప్ప, రెండేళ్ళుగా తియ్యలేదు. వచ్చే సోమవారం తీస్తారు. ఆలోగా కన్నాలన్నీ పరీక్షించి ఈ సాయంత్రం లోపు కాగితం రాసివ్వాల్సిన పని లప్పమ్మది. ఈ పని ఆవిడ అడిగి మరీ వేయించుకుంది. ఆవిడకు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఆ అట్టముక్కలు కుక్కింది ఆయన చేతులేనా?

తొమ్మిదో అంతస్తులో అన్నీ గట్టిగా ఉన్నాయి. ఎనిమిది, విచారణ తర్వాత వేరే కంపెనీవాళ్ళు కొత్తగా పూడ్చారు. ఇవాళ పొద్దున్న ఏడో అంతస్తు తాళం తీసి లోపలికి వెళ్తే, మొదటి కన్నం మీదే ఆయన ముద్ర కనిపించింది. నెలవంకతో సహా. ముట్టుకుంటే వేలికి అంటుకుంది.

అదీ సంగతి. ఇక ముందుకు వెళ్దాం.

లప్పమ్మ తన వేలి వంక చాలాసేపు చూసింది. ఎర్ర లప్పం పైపొర కట్టడానికి గంట పడుతుంది. ఇంకా పొర కూడా కట్టలేదంటే పూసి గంట కాలేదన్నమాట. టైము పదకొండు కావస్తోంది. తాళంచెవి పొద్దుట్నుంచీ ఆవిడ నడుముకే ఉంది.

“ఎవరక్కడ?” అంది. అడిగాక తన మీద తనకే చిరాకు వేసింది. నాలుగడుగుల గది. ఎవరుంటే మాత్రం ఎక్కడ దాక్కుంటారు?

హెల్మెట్ దీపం కిందికి వంచి నేల చూసింది. రెండేళ్ళ దుమ్ము, దాని మీద మసి, కమ్మరి కొలిమి దగ్గరిలా నల్లగా మెత్తగా పేరుకుని ఉంది. అందులో గుమ్మం నుంచి గోడ దాకా ఒకే ఒక్క వరస అడుగులున్నాయి. అవి తన బూట్లవే. అనుమానం తీరక పాదం ఆనించి కూడా చూసుకుంది.

భయపడితే ఏం చెయ్యాలో తెలియని మనుషులు అలవాటైన పని చేస్తారు. లప్పమ్మ సంచిలోంచి సన్నటి ఉక్కు చువ్వ తీసింది. లోపల డొల్లగా ఉంటే చువ్వ వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంది. ఉన్ని ఉంటే రెండు వేళ్ళకే మొరాయిస్తుంది. చువ్వను ముద్ర పక్కన ఆనించి నెట్టింది. దిగలేదు. ఇంకాస్త బలంగా నెట్టింది. ఊహూఁ. లోపల బిగించి కూరిన ఉన్ని తగిలింది. అంత బిగువుగా కూరడం ముఠాలో ఒక్కరికే చేతనయ్యేది. ఆ మనిషి దగ్గరే లప్పమ్మ ఈ విద్య నేర్చుకుంది, వంటింటి గోడ మీద, సరదాకి.

రెండో కన్నమూ తడిగానే ఉంది, గట్టిగానే ఉంది. మూడు, నాలుగు, అయిదు. ఆరో దాని దగ్గర లప్పం ఎండి, బీటలిచ్చి, పాతదని చూడగానే తెలుస్తోంది. దాని మీదా ఆయన ముద్రే. చువ్వ ఆనించిందో లేదో జర్రున పిడి దాకా దిగిపోయింది. పల్చటి కాగితం ముక్క చీల్చి ఆ బెజ్జం ముందు పట్టుకుంది. గాలి వస్తే కాగితం రెపరెపలాడాలి. అది రెపరెపలాడలేదు. మెల్లగా ముందుకు వంగింది. మెల్లగా వెనక్కి వాలింది. మళ్ళీ ముందుకు. నిద్రపోయే మనిషి ముక్కు దగ్గర పట్టుకున్నట్టుంది.

‘లిఫ్టు కదులుతున్నట్టుంది, అంతే’ అనుకుంది. లిఫ్టు నాలుగో అంతస్తు దాటి పైకి రాదని ఆవిడకు తెలుసు. తెలిసి కూడా అలాగే అనుకుంది.

ఆరో కన్నానికి సుద్దతో ఇంటూ మార్కు పెట్టి, గది తాళం వేసి బయటికి వచ్చేసింది. సగం మెట్లు దిగితే గానీ ఫోనుకు సిగ్నల్ తగల్లేదు. కింద స్టోర్లో ఉన్న మేస్త్రికి చేసింది. మేస్త్రి ఆవిడకు చుట్టమేం కాదు. ఆవిడ మొగుణ్ణీ ఆవిణ్ణీ పనిలో పెట్టిన మనిషి, అంచేత బాబాయ్.

“బాబాయ్, ఒకసారి ఏడుకి రండి.”

“ఏడుకా? ఈ వయసులో నన్ను మెట్లెక్కిస్తావా అమ్మాయ్! అక్కడే ఉండి ఫోటో తీసి పంపరాదూ?”

“ఫోటోలో తడి తెలీదు బాబాయ్. రండి.”

 అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

మేస్త్రి వచ్చేసరికి పావుగంట పట్టింది. ఒక్కో మలుపు దగ్గరా ఆగి, మోకాళ్ళు పట్టుకుని, ఈ మేడ కట్టినవాణ్ణీ, లిఫ్టు బాగుచెయ్యనివాణ్ణీ వరసపెట్టి తిట్టుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ ఆయనకు తిట్లు ఆయాసం తగ్గే మందులా పనిచేస్తాయి. లప్పమ్మ తాళం తీసి ఆయన్ని లోపలికి నడిపించింది.

“ఇవిగో, ఈ అయిదూ చూడండి. పొద్దున్న పూసినవి.”

మేస్త్రి కళ్ళజోడు పైకి తోసుకుని గోడకు దగ్గరగా వంగాడు. మొదటి ముద్ర చూశాడు. రెండోది చూశాడు.  వేలుతో గాల్లోనే ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ పోయాడు.

“అయిదు కాదే,” అన్నాడు. “ఆరు.”

 లప్పమ్మ దీపం అటు తిప్పింది. ఆరో కన్నం పక్కన ఆవిడ పెట్టిన సుద్ద మార్కు అలాగే ఉంది. దాని ఇవతల ఎండిన లప్పం లేదు. బీటలు లేవు. చువ్వ దిగిన బెజ్జం లేదు. తళతళలాడుతూ కొత్త లప్పం, చివర్న నెలవంక. దాని కిందుగా నేల మీద, గోడ వారగా, కన్నంలోంచి తీసిన అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. లప్పమ్మ అడుగులు తప్ప చుట్టూ దుమ్ము చెదరలేదు.

మేస్త్రి వంగి పై అట్టముక్క తీశాడు. రెండువైపులా తిప్పి చూశాడు. ఆ అట్ట మీద గుండ్రటి టీ గ్లాసు మరక, దాని పక్కన పెన్సిల్‌తో రాసిన కొలతలు ఉన్నాయి. ఆయన మొహంలో రంగు దిగిపోవడం ఆ దీపపు వెలుతురులో కూడా లప్పమ్మకు కనిపించింది.

“ఇది నా రాత అమ్మాయ్,” అన్నాడు.

“ఏంటి బాబాయ్?”

“ఈ కొలతలు. ఈ అట్ట చింపింది నేను.” గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి, ఆ మసిలోనే కూలబడ్డాడు. “నన్ను తీసుకుపోడానికి వచ్చాడమ్మా వాడు. నాకు తెలుసు. రెండేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడొస్తాడా అని.”

“పెద్దవారు, మీరు కూడా అలా మాట్లాడితే ఎలా? సరిగ్గా చెప్పండి.”

“ఎనిమిదిలో ఆ కన్నం... పొగొచ్చిన కన్నం. అందులో అట్టలు కుక్కింది నేనే. వాడు కాదు. ఈ ఏడులోవీ మేమే. నేనూ, ఇంకో ఇద్దరూ.”

లప్పమ్మకు మొదట ఏమీ అనిపించలేదు. తర్వాత ఒక్కసారిగా కాళ్ళలో బలమంతా పోయినట్టయింది. సంతోషం అలా కూడా వస్తుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. ఆయన కాదు. ఆయన చేతులు కావు. చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఈ మాట చెప్పాలి. బడికి వెళ్ళి ప్రతి పిల్లనీ ఆపి చెప్పాలి. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది.

“రెండేళ్ళు! నా ఎదురుగా కూర్చుని నా ఇంట్లో భోంచేశారు బాబాయ్. విచారణలో మిమ్మల్ని అడిగారు కదా? నోరు మెదపలేదేం?”

“భయపడ్డాను.”

“మరి ఆయన ముద్ర ఎలా వచ్చింది దాని మీద? ఆయన వేలు మీరు ఎత్తుకుపోయారా?”

 మేస్త్రి అట్టముక్కను అటూ ఇటూ తిప్పాడు. “అచ్చు,” అన్నాడు చివరికి. “వాడి వేలికి అచ్చు. రబ్బరుతో తీసింది. దాంతో నొక్కేవాళ్ళం.”

“నిద్రపోతుంటే తీశారా? తాగించి తీశారా?”

“లేదమ్మా.”

“మరి?”

“వాడే తీసి ఇచ్చాడు.”

 లప్పమ్మకు ఇప్పుడే చేతికొచ్చినదాన్ని ఎవరో లాక్కున్నట్టయింది.

“అబద్ధం,” అంది.

“నా పిల్లల మీద ఒట్టు. కన్నాలు పరీక్షించే ఆఫీసరు వాడి ముద్ర ఉంటే కళ్ళుమూసుకుని ఒప్పుకునేవాడు. ఇంకెవరిదున్నా తవ్వి చూసేవాడు. మేమేమో ఒకవైపు పూడుస్తుంటే ఇంకోవైపు ఇంటర్నెట్టు కేబుళ్ళవాళ్ళు కొత్త కన్నాలు పొడుచుకుంటూ పోయేవాళ్ళు. మేడ అప్పజెప్పే రోజు దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే నువ్వు కాన్పుకి ఆస్పత్రిలో చేరావు. నీకు బాగాలేదు, బిడ్డకీ బాగాలేదు. వాడు పనిలో ఉన్నా ప్రాణం మీ దగ్గరే ఉండేది. ‘బాబాయ్, మీరు ఉన్ని కూరండి, నా వేలు నొక్కుకోండి, మీ మీద నాకు నమ్మకముంది’ అని అచ్చు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పదకొండు రోజులు రాలేదు.”

పదకొండు రోజులు. లప్పమ్మ వాటిని బాగా ఎరుగును. ఆయన ఆస్పత్రి మంచం పక్క ఇనుప స్టూలు మీద కూర్చుని, గాజుపెట్టెలో ఉన్న చిట్టిని చూస్తూ, వచ్చిన ప్రతి నర్సునీ ‘పాప ఇవాళ బరువు పెరిగిందా అమ్మా’ అని అడుగుతూ గడిపిన రోజులు. పెళ్ళయ్యాక ఆయన పూర్తిగా తనవాడుగా ఉన్నది ఆ పదకొండు రోజులే. ఎవరు ఎన్ని అన్నా ఆవిడ వాటిని తలుచుకునే ఈ రెండేళ్ళూ నెట్టుకొచ్చింది.

“ఉన్ని అయిపోయింది అమ్మాయ్. తెప్పించేలోపు ఆఫీసరు వచ్చేస్తాడని అట్టలు కుక్కాం. తర్వాత మార్చేద్దాం అనుకున్నాం. ఎవరికి గుర్తుంటుంది తర్వాత?” మేస్త్రి తలెత్తలేదు. “మంటలకి నెల ముందు వాడికి తెలిసిపోయింది. ఏదో రిపేరుకి ఒకటి విప్పితే అట్ట బయటపడింది. వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. కొట్టలేదు. కొట్టినా బావుండును. ‘నా వేలు కింద ఉన్నవన్నీ నేనే విప్పి మళ్ళీ పూడుస్తాను’ అన్నాడు. డ్యూటీ అయ్యాక ఒక్కడే, పైనుంచి మొదలుపెట్టాడు. తొమ్మిది అయిపోయింది. ఎనిమిదిలో ఉండగా...”

ఆ తర్వాతది చెప్పనక్కర్లేదు. అందరూ కిందికి పరుగెత్తుతుంటే ఆయన పైనే ఎందుకున్నాడని విచారణలో అడిగారు. తన తప్పు దొరకకుండా చెరిపేయడానికి వెళ్ళాడని రాసుకున్నారు. శవం దొరికినప్పుడు ఆయన చేతిలో లప్పం గొట్టం ఉంది.

లప్పమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. ఏడవాలని ఉంది, మేస్త్రి ముందు ఏడవాలని లేదు. ఆయన కుక్కలేదు. తన వేలు అరువిచ్చాడు. రెండూ నిజమే. కాగితం మీద ఏది రాయాలి? చిట్టికి ఏది చెప్పాలి?

“ఆ అచ్చు ఇప్పుడెక్కడుంది?” అంది కళ్ళు తుడుచుకుని.

“వాడు పోయాక వాడి పనిముట్ల పెట్టెలో పెట్టేసి, పెట్టె తెచ్చి మీ అత్తగారికిచ్చాను. ఇదేంటని అడిగింది. ఆవిడ కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పలేకపోయాను. అంతా చెప్పేశాను.”

“అత్తయ్యకి చెప్పారా? నాకు కాదు, అత్తయ్యకి?”

“ఆవిడ తిట్టలేదమ్మా. ‘ఆ మేడలో నాకు ఊడ్చే పని ఇప్పించు’ అంది, అంతే. కొడుకు పోయిన చోటు కదా, చూసుకుంటూ ఉంటుందని నాలుగో అంతస్తు దాకా ఊడవడానికి పెట్టించాను. ఏడాదిన్నరైంది. నీకు తెలీదా?”

తెలియదు. తెల్లారగానే అత్తగారు చిట్టికి జడ వేసి, డబ్బా సర్ది, ‘తమ్ముడి మనవణ్ణి చూసుకోడానికి వెళ్తున్నా’ అని బయల్దేరుతుంది. కొడుకు పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటలు ఉప్పు, పప్పు, బడి ఫీజు దాటి పోలేదు. ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకుంటే ఇద్దరికీ ఆయన మొహమే కనిపిస్తుందని భయం.

లప్పమ్మకు ప్రాణం లేచొచ్చింది. అచ్చు అత్తయ్య దగ్గరుంది. అత్తయ్య ఈ మేడలోనే ఉంది. వెనకవైపు మెట్లున్నాయి. ఊడ్చేవాళ్ళ దగ్గర మారు తాళాలుంటాయి. తను ఫోను చెయ్యడానికి దిగినప్పుడు వచ్చి ఉంటుంది. చీపురు పట్టుకున్న ముసలావిణ్ణి ఎవరు ఆపుతారు? నేల మీద అడుగులు ఎందుకు లేవో దానికి మాత్రం సమాధానం దొరకలేదు. దాని గురించి ఆలోచించకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు, మేస్త్రిని అక్కడే వదిలేసి, రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళింది.

నాలుగో అంతస్తులో జనం ఉన్నారు. ఆఫీసుల్లో ఫోన్లు మోగుతున్నాయి, ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. ఏడు నుంచి దిగి వచ్చిన లప్పమ్మకు ఆ చప్పుళ్ళన్నీ వేరే ఊళ్ళోవి అనిపించాయి. కేబుల్ గది తలుపు ఓరగా ఉంది. తోసింది.

అత్తగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గరిటె కాడతో కన్నంలోంచి అట్టముక్కలు లాగుతోంది. మోచేతుల దాకా ఎర్రగా ఉంది. వెనక్కి తిరగలేదు.

“తలుపు వెయ్యమ్మా. తడి మీద దుమ్ము పడుతుంది.”

“అత్తయ్యా!”

“నీ అడుగు నాకు తెలీదా? రోజూ వింటున్నదే కదా.”

లప్పమ్మ తలుపు వేసింది. అడగాలనుకున్నవి పదుంటే ఒక్కటే బయటికి వచ్చింది. “నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“చెబితే నువ్వు కాగితం మీద రాస్తావు. రాయాలి, నీ పని అది. నేను కాదనను.” పెద్దావిడ చిన్న ఉన్నిముద్ద తీసుకుని, రొట్టెపిండి అద్దినట్టు కేబుళ్ళ చుట్టూ వేళ్ళతో అద్దింది. “నువ్వు రాసేలోగా పూడ్చేస్తే రాయడానికి ఏమీ మిగలదు కదా అని చూశాను. అందుకే కిందినుంచి మొదలుపెట్టాను. వాడు నీకు వంటింట్లో నేర్పుతుంటే నేనూ చూశాను. నువ్వు నన్ను చూళ్ళేదు.”

“మరి ఆయన ముద్ర ఎందుకు వేస్తున్నారు? మీదే వెయ్యొచ్చు కదా?”

“పని వాడిది. నేను చేతిసాయం చేస్తున్నాను.” కొంగు చివర ముడి విప్పి చూపించింది. పసుప్పచ్చ రబ్బరు ముక్క, బొటనవేలంత. అరిగి నున్నగా అయిపోయింది. “ఏడాదిన్నరగా పనికి తప్ప ఈ ముడి విప్పలేదు. ముద్ర వేసినప్పుడు తప్ప నా ఒంటి మీంచి కదల్లేదు ఇది. పడుకున్నా ఇదే పట్టుకుని పడుకుంటాను. వాడి వేలు కదమ్మా.”

ఇక లప్పమ్మ ఆగలేకపోయింది. అత్తగారి పక్కన నేల మీద కూర్చుని, ఆ ఎర్రటి మోచేతి మీద తల ఆనించి, రెండేళ్ళ ఏడుపు ఏడ్చింది. పెద్దావిడ పని ఆపలేదు. ఉన్ని కూరుతూనే ఉంది. కాసేపయ్యాక లప్పం అంటని మణికట్టుతో కోడలి తల నిమిరింది.

“ఆయన మనకోసమే ఇచ్చారట అత్తయ్యా. నేనూ చిట్టీ ఆస్పత్రిలో ఉన్నప్పుడు.”

“తెలుసు.”

“నామీద కోపం రాలేదా?”

“వచ్చింది. మొదటి అంతస్తు అంతా నీమీద కోపంతోనే పూడ్చాను. రెండోది వాడిమీద కోపంతో. మూడుకొచ్చేసరికి నడుము నొప్పి వచ్చింది, కోపానికి ఓపిక లేదు.”

లప్పమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుంది. మనసు తేలికపడింది. ఇద్దరూ కలిసి చేస్తే సోమవారం లోగా అయిపోతాయి. కాగితం మీద ఏం రాయాలో తర్వాత చూసుకోవచ్చు. మేస్త్రి చేత సంతకం పెట్టించవచ్చు.

“అయినా ఆ మోకాళ్ళతో ఏడు దాకా ఎలా ఎక్కారు మీరు? నా గుండె ఆగినంత పనైంది. ఇటు ఫోను చేసి వచ్చేసరికి అటు ఆరోది పూసేసి వెళ్ళిపోయారు. అడుగులు కూడా పడకుండా!”

పెద్దావిడ చేయి ఉన్ని మీద ఆగిపోయింది.

“ఎక్కడ?” అంది.

“ఏడులో.”

“నేనింకా ఈ నాలుగు దాటలేదే అమ్మా. పైకి నా దగ్గర తాళమే లేదు.”

గోడకు అటువైపు ఆఫీసులో ఎవరిదో ఫోను మోగి మోగి ఆగిపోయింది. లప్పమ్మ అత్తగారి చేతిలో రబ్బరు ముక్క వంక చూసింది. అంచులు అరిగి, మధ్యలో నెలవంక దాదాపు చెరిగిపోయి ఉంది. పక్కనే పొద్దున పెద్దావిడ పూడ్చిన కన్నం మీద ముద్ర చూసింది. మచ్చ ఆనవాలుగా, అలుక్కుపోయినట్టుంది. పైన ఏడులో ఆరు ముద్రలూ స్పష్టంగా ఉన్నాయి. నెలవంకతో పాటు, చర్మం మీది సన్న గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

“నెలవంక బాగా పడిందా?” అంది పెద్దావిడ.

“బాగా పడింది అత్తయ్యా.”

“లోపల గట్టిగా ఉందా? చువ్వతో చూశావా?”

“అయిదింటికీ చూశాను. దిగలేదు.”

“వాడు తొమ్మిది నుంచి దిగుతున్నాడు కదూ...” అని తనలో తాను అనుకుంది. గరిటె పక్కన పెట్టింది. చేతులు కుచ్చెళ్ళకు తుడుచుకుని, గోడ పట్టుకుని, మోకాళ్ళు కలుక్కుమంటున్నా లేచి నిలబడింది. కొడుకు శవం ఇంటికొచ్చిన రోజు కూడా ఏడవని ఆ మొహం మీద, రెండేళ్ళలో మొదటిసారి, నవ్వు వచ్చింది.  ఆ నవ్వు చూసి లప్పమ్మకు పైకి వెళ్ళాలంటే భయం వేసింది. వెళ్ళకుండా ఉండలేనని కూడా తెలిసిపోయింది.

పెద్దావిడ ఎర్రటి చేత్తో కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పద, తాళం తియ్యి,” అంది. “వాడు పని ముగించుకుని వెళ్ళిపోయేలోగా చూద్దాం.”